అన్యస్వరం ఎవరికి అన్యం?

కర్ణాటక సంగీతంలో అన్యస్వరం అని ఒక మాట ఉంది. ఒక రాగం ఏ మేళకర్తకి చెందిందో, ఆ మేళకర్తలో లేని స్వరం ఆ రాగంలో పలికితే దాన్ని అన్యస్వరం అంటారు. అలాంటి స్వరానికి చోటిచ్చిన రాగం భాషాంగం. ఇవ్వనిది ఉపాంగం. సంగీతం పరీక్షలకి కూర్చునే పిల్లలకి ఇది రెండు మార్కుల ప్రశ్న. రెండు వాక్యాలు రాసి ఒక ఉదాహరణ ఇస్తే సరిపోతుంది. కానీ స్త్రీవాద సాహిత్యం చదువుకున్న వాళ్ళకి 'అన్య' అన్న మాట కనబడితే అంత తేలిగ్గా దాటిపోవడం కష్టం. పురుషుడు తనని తాను కేంద్రంగా పెట్టుకుని స్త్రీని 'అన్య'గా నిలబెట్టాడని సిమోన్ ద బోవా 1949లో 'ద సెకండ్ సెక్స్'లో రాసింది. ఆ మాటని మనం ఇతర అనీ, పరాయి అనీ, అన్య అనీ రకరకాలుగా తెలుగు చేసుకుంటూనే ఉన్నాం. సంగీతజ్ఞులు ఆ సిద్ధాంతంతో పని లేకుండానే దాన్ని వాడుకుంటున్నారు. పైగా వాళ్ళు దాన్ని తిట్టుగా వాడరు. అన్యస్వరం ఉన్న రాగాల జాబితా చూడండి: భైరవి, కాంభోజి, బిలహరి, ముఖారి, ఆనందభైరవి. కచేరీలో గంటసేపు పాడదగ్గ పెద్ద రాగాలు వీటిలోనే ఉన్నాయి.

పరాయిది అని పేరు పెట్టడం, అది లేకపోతే రాగమే లేదనడం, ఈ రెండూ ఒక్క నోటితోనే ఎలా అంటున్నాం? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది.

(పాశ్చాత్య సంగీతంలో శ్రుతి చట్రానికి బయటి స్వరం ముందు వేసే గుర్తుని 'ఆక్సిడెంటల్' అంటారు. అంటే ఏదో అనుకోకుండా వచ్చిపడ్డదన్నమాట. మనవాళ్ళు పరాయి అన్నారు గానీ పొరపాటున వచ్చిందని మాత్రం అనలేదు.)

ముందు ఈ మేళకర్త అనే చట్రం సంగతి చూడాలి. సప్తస్వరాలకి పన్నెండు స్థానాలు, పదహారు పేర్లు. వాటిని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో లెక్క కడితే 72 మేళాలు వస్తాయి. ఈ లెక్క కట్టినవాడు పదిహేడో శతాబ్దపు వెంకటమఖి. తంజావూరులో విజయరాఘవ నాయకుడి ఆదరణలో 'చతుర్దండి ప్రకాశిక' రాశాడు. నాకు మొదట్నుంచీ ఆసక్తిగా అనిపించే విషయం ఏమిటంటే, 72 సాధ్యమని నిరూపించిన ఆయనే తన కాలానికి వాడుకలో ఉన్నవి 19 మాత్రమేనని వాటిని వర్ణించాడు. తక్కిన 53 ఖాళీ గదులు. ఇల్లు ముందు కట్టి మనుషుల కోసం ఎదురుచూసినట్టు. ఇంకో విషయం, ఆ 19 మేళాల పేర్లలో భైరవి ఉంది, కాంభోజి ఉంది, ముఖారి ఉంది. అంటే ఈనాడు జన్యరాగాలుగా, ఇంకొకరి పిల్లలుగా చూపిస్తున్నవి అప్పుడు ఆ ఇళ్ళకి స్వయంగా పేరిచ్చినవి.

తర్వాత ఏం జరిగింది? కటపయాది సూత్రం ప్రకారం మేళం పేరులో మొదటి రెండక్షరాలు దాని వరస సంఖ్యని చెప్పాలి. 28 రావాలంటే 'హరి' తగిలించాలి. 29 రావాలంటే 'ధీర' కావాలి. 20కి 'నఠ' కావాలి. అలా హరికాంభోజి, ధీరశంకరాభరణం, నఠభైరవి పుట్టాయి. కాంభోజి అనే రాగం పాతది, హరికాంభోజి అనే తండ్రి కొత్తవాడు. పిల్ల పేరుకి రెండక్షరాలు ముందు చేర్చి తండ్రికి పేరు పెట్టారు, ఆ తర్వాత ఆ పిల్లని తీసుకొచ్చి ఆ తండ్రికి పుట్టిందని రాశారు. అలా రాసుకున్నాక పిల్ల గొంతులో ఒక స్వరం తండ్రి గొంతులో లేకపోతే ఆ స్వరం అన్యమైంది.

నేను వీణ నేర్చుకున్న రోజుల్లో నాకు అన్యస్వరం అంటే కాంభోజిలోని కాకలి నిషాదమే. కాంభోజికి ఉండవలసింది కైశికి నిషాదం. కానీ 'సనిపదస' అనే ప్రయోగంలో మాత్రం కాకలి నిషాదం పలుకుతుంది. ఆ ఒక్క చోటే. ఇంకెక్కడ పలికినా కాంభోజి చెడిపోతుంది. మా టీచరుగారు వంటింట్లో పోపు వేస్తూనే ముందు గదిలో నా వేలు ఏ మెట్టు మీద పడిందో చెప్పగలిగిన మనిషి. "ఏమ్మా, పండక్కొచ్చిన చుట్టాన్ని సంవత్సరమంతా ఇంట్లో కూర్చోబెడతావా?" అనేవారు. ఆ పోలిక నాకు బాగా నచ్చింది. చాలా ఏళ్ళపాటు అన్యస్వరం అంటే అతిథి అనే అర్థం చేసుకున్నాను. బిలహరిలో 'పదనిప' దగ్గర వచ్చే కైశికి నిషాదమూ అంతే, తొంగిచూసి వెళ్ళే చుట్టం.

భైరవి దగ్గరికొచ్చేసరికి ఆ పోలిక పనిచెయ్యదు. 'విరిబోణి' వర్ణం నేర్చుకున్న వాళ్ళందరికీ తెలుసు, భైరవి ఆరోహణలో చతుశ్రుతి ధైవతం, అవరోహణలో శుద్ధ ధైవతం. పైకి ఎక్కిన ప్రతిసారీ ఆ చతుశ్రుతి ధైవతం మీదుగానే ఎక్కాలి. అది పండక్కి వచ్చిన చుట్టం కాదు. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, పాలు కాచి, పిల్లల్ని బడికి పంపేది అదే. దాన్ని తీసేసి భైరవి పాడమంటే ఎవ్వరూ పాడలేరు. అయినా లక్షణగ్రంథం దాన్ని అన్యస్వరమనే అంటుంది. ఎందుకంటే భైరవిని రాసింది ఇరవయ్యో మేళంలో. ఆ మేళంలో ఉన్నది శుద్ధ ధైవతం.

ఇప్పుడు ముఖారి చూడండి. అందులోనూ ఆరోహణలో చతుశ్రుతి ధైవతమే, అవరోహణలో శుద్ధ ధైవతమే. అవే రెండు స్వరాలు, అదే ఎక్కుడు, అదే దిగుడు. కానీ ఇప్పటి పాఠ్యపుస్తకాలు ముఖారిని 22వ మేళమైన ఖరహరప్రియలో పెట్టాయి. ఖరహరప్రియలో ఉన్నది చతుశ్రుతి ధైవతం. అందుచేత ముఖారిలో శుద్ధ ధైవతం అన్యస్వరమైంది! (ఇప్పటి ముఖారి గురించే చెబుతున్నాను. వెంకటమఖి మొదటి మేళంగా చెప్పిన ముఖారి స్వరాలు వేరు.) ఒక రాగంలో పరాయిదైన స్వరం పక్క రాగంలో సొంతదైంది, అక్కడ సొంతదైనది ఇక్కడ పరాయిదైంది. పరాయితనం ఆ స్వరంలో లేదు. రాగంలోనూ లేదు. ఏ పద్దు కింద రాశారన్నదానిలో ఉంది.

ఆనందభైరవి విషయంలో ఇంకా వింత. దాన్ని ఇరవైలో పెట్టాలా ఇరవైరెండులో పెట్టాలా అన్నదే వాదం. మేళం సంగతి తేల్చకుండా అన్యస్వరాలు ఏవో లెక్క చెప్పడం ఎలా? అయినా చెబుతూనే ఉంటారు. భద్రాచల రామదాసు పాడుకున్న రాగం, భజన గోష్ఠుల్లో ఏ లక్షణమూ తెలియని ఆడవాళ్ళు శ్రుతి తప్పకుండా పాడే రాగం, దానికి ఇంతవరకు ఇంటిపేరు కుదరలేదు.

ఇంటిపేరు అన్నాను కాబట్టి ఒక మాట. నా డాక్టరేటు పట్టా మీద ఒక ఇంటిపేరు ఉంది, రేషన్ కార్డు మీద ఇంకొకటి ఉంది. వ్యాసాల కింద ఏది రాయాలన్నది ప్రతిసారీ ఒక చిన్న గొడవ. 'ఆడ'పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదని పుట్టింట్లో పెరుగుతాం. బయటినుంచి వచ్చిన పిల్లగా అత్తింట్లో ముసలివాళ్ళమవుతాం. గోత్రం మారుస్తారు, చదివించిన కట్నాల్లో పేరు మారుస్తారు. భైరవిలో పరాయిదైన చతుశ్రుతి ధైవతానికి కనీసం ముఖారి అనే ఇల్లుంది. స్త్రీకి రెండిళ్ళలోనూ అన్యత్వమే. ఇంతమాత్రం మనలో చాలామంది చాలాసార్లు రాశారు. దీన్ని ఇక సాగదీయను.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంటుంది. చట్రానికి బయటి స్వరం అనగానే దాన్ని తిరుగుబాటుగా చదవాలనిపిస్తుంది. మేళకర్త పితృస్వామ్యం, అన్యస్వరం ధిక్కారం. సెమినారు పత్రానికి బాగానే ఉంటుంది. కానీ సంగీతం దగ్గర నిలబడదు. కాంభోజిలో నాకిష్టమొచ్చిన చోట కాకలి నిషాదం వేస్తే అది ధిక్కారం కాదు, అపస్వరం. విన్నవాళ్ళకి చెవిలో ముల్లు గుచ్చుకుంటుంది, వాళ్ళు ఛాందసులై కాదు. ఎక్కడ నిలవాలి, ఎక్కడ నిలవకూడదు అన్న ఎరుక లేకుండా రాగం లేదు. కాబట్టి నియమం ఉండాలా వద్దా అన్న ప్రశ్న వదిలేద్దాం. అన్యస్వరానికీ అపస్వరానికీ మధ్య గీత గీసింది ఎవరు, ఆ గీత ఎప్పుడెప్పుడు జరిగింది, ఎవరి కోసం జరిగింది? ఆ చరిత్రే అసలు విషయం.

ఖమాస్ రాగం అలాంటి చరిత్ర ఉన్నదే. అది మొదట ఉపాంగంగానే ఉండేదని, జావళీల వల్లే కాకలి నిషాదం అందులోకి వచ్చి భాషాంగమైందని శాస్త్రకారులు రాశారు. జావళీ అంటే ఏమిటి? పందొమ్మిదో శతాబ్దంలో ఎక్కువగా తెలుగులో పుట్టిన శృంగార గేయం. దాన్ని పాడిందెవరు? ఆడిందెవరు? దేవదాసీలు, కలావంతులు, భోగం మేళాల స్త్రీలు. బెహాగ్, కాపి, ఫరజు, ఖమాస్, ఇవన్నీ జావళీకి ఇష్టమైన రాగాలు. మేళం గోడలు పల్చగా ఉండే రాగాలు. బెహాగులో ప్రతి మధ్యమం పలికినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో విన్నవాళ్ళకి తెలుసు. ఆ స్త్రీల గొంతుల్లో అరిగి అరిగి మెత్తబడ్డాకే ఆ స్వరాలు 'దోషం' నించి 'అన్యం'లోకి, 'అన్యం' నించి 'సొగసు'లోకి వచ్చాయి. నా పరిశోధన పదసాహిత్యం మీద. క్షేత్రయ్య పదాల్ని అచ్చు పుస్తకాల్లో చదవడం వేరు, పాడగా వినడం వేరని నాకు అర్థమవడానికి రెండేళ్ళు పట్టింది. భైరవి, కాంభోజి, ముఖారి, ఆనందభైరవి, హుసేని, క్షేత్రయ్య పదాలు ఎక్కువగా వినిపించేది ఈ రాగాల్లోనే. మొవ్వ క్షేత్రయ్యని ఆదరించిన వాళ్ళలో అదే విజయరాఘవ నాయకుడు ఉన్నాడు. పసుపులేటి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రాసింది కూడా ఆ కొలువులోనే. ఒకే కొలువులో ఒక మూల స్వరాల పద్దు తయారవుతోంటే ఇంకో మూల స్త్రీ గొంతుతో పదం తయారైంది. చరిత్రలో పద్దు రాసినవాడికి శాస్త్రకారుడని పేరు. ఆ పదాల్ని మూడు వందల ఏళ్ళు నోట్లో మోసిన ఆడవాళ్ళలో చాలామందికి పేరే లేదు.

పేరు దక్కిన కొద్దిమందికి దక్కింది ఏమిటి? తంజావూరు మరాఠా రాజుల కాలంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాస్తే, వీరేశలింగం దాన్ని అసభ్యమన్నాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేయించింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగడానికి 1947 రావాల్సివచ్చింది. శృంగారం మగకవి రాస్తే రసం, ఆడకవి రాస్తే అపస్వరం. అదే నాగరత్నమ్మ తిరువైయారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించింది. కట్టించాక కూడా అక్కడి ఆరాధన ఉత్సవాల్లో ఆడవాళ్ళు పాడే హక్కు కోసం పోరాడాల్సి వచ్చింది.

1947లోనే ఇంకొకటి జరిగింది. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అంకితాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ఆ చట్టం అవసరం లేదని నేననను. ఆ వ్యవస్థలో చిన్న పిల్లల మీద జరిగిన హింసని 'కళ' పేరుతో కప్పిపెట్టే వాదాలంటే నాకు ఓపిక లేదు. కానీ అప్పటికే ఇరవై ఏళ్ళుగా సంగీతం చేతులు మారుతోంది. 1928లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వచ్చింది. అక్కడి సదస్సుల్లో విద్వాంసులు కూర్చుని రాగలక్షణాలు చర్చించి, ఏ రాగంలో ఏ స్వరం ఉండాలో తీర్మానించేవారు. పదం, జావళీ మధ్యతరగతి అగ్రకులాల ఇళ్ళలోకి వచ్చాయి, కొన్ని చరణాలు వదిలేసి. మద్రాసులో వీణ ధనమ్మాళ్ కుటుంబంలాంటి ఒకటి రెండు ఇళ్ళు గౌరవంగా నిలబడ్డాయి. గోదావరి జిల్లాల కలావంతుల స్త్రీలలో ఎక్కువమంది తలుపులు వేసుకుని పాడుకునే స్థితికి వచ్చారు, లేదా మానేశారు. ఖమాసులో కాకలి నిషాదాన్ని మాత్రం ఎవరూ మానలేదు. సదస్సులు దానికి లక్షణం రాసుకున్నాయి. స్వరాన్ని లోపలికి తీసుకుని, తెచ్చిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టారు.

ఇంతవరకు రాసి ఇక్కడ ఆపేస్తే మనందరికీ సుఖంగా ఉంటుంది. తప్పంతా శాస్త్రకారులది, సంస్కర్తలది, సదస్సులది. కానీ మనం కూడా పద్దులు రాసేవాళ్ళమే. తెలుగు కథానిక చరిత్రని 1910 నాటి 'దిద్దుబాటు'తో మొదలుపెట్టడం మీద మనం పోట్లాడాం, భండారు అచ్చమాంబ కథలు అంతకు ముందువని చూపించాం. బాగానే ఉంది. మరి మన స్త్రీవాద సాహిత్య చరిత్రని ఎక్కడ మొదలుపెడుతున్నాం? 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' మనకి ఒక మేళకర్తలాంటిది. అందులోంచి శరీరం, వంటిల్లు, మాతృత్వం, పెళ్ళి అనే స్వరస్థానాలు స్థిరపడ్డాయి. ఆ తర్వాత దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు, బి.సి. స్త్రీలు మాట్లాడినప్పుడు, వాళ్ళ ఆకలిలో, కూలిలో, అంటరానితనంలో, నమాజులో ఉన్నదంతా ఈ స్థానాల్లో ఇమడలేదు. మనం వాళ్ళని కాదనలేదు. కాదనేంత మొరటువాళ్ళం కాదు. సెమినారులో రెండో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక సెషను ఇచ్చాం. ప్రత్యేక సంచికలో కొన్ని పేజీలు ఇచ్చాం. అచ్చం 'సనిపదస'. ఆ ఒక్క సంచారంలో నువ్వు పలుకు, ఎంతో అందంగా ఉంటుంది. ఆలాపన మొదట్లో మాత్రం వద్దు.

గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చింది. దాని అట్టమీదే ఉంది, 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీల సాహిత్యం. అంటే మనం 'తర్వాత వచ్చిన గొంతులు' అంటున్నవి మన మేళం లెక్క కట్టకముందే పలుకుతున్నాయి.

మా విభాగంలో నాతో పనిచేసే ఒక దళిత స్త్రీ విమర్శకురాలికి ఈ అన్యస్వరం ఆలోచన చెప్పాను. భైరవిలో ధైవతంలా మీరు లేకపోతే స్త్రీవాదమే లేదని రాయబోతున్నానన్నాను. ఆవిడ నవ్వి, "ఎంత గౌరవంగా పిలిచినా అన్యమనేగా అన్నారు మేడం. మీ భైరవి నిండుగా ఉండాలని మేం రాయలేదు. మా పాట మాకుంది. దాన్లో మీ స్వరం ఎక్కడ పడుతుందో మీరెప్పుడైనా చూసుకున్నారా?" అన్నారు.

ఈ మాట నా వాదాన్ని చాలావరకు తిరగేస్తుంది. ముఖారి వైపు నుంచి చూస్తే పరాయి ధైవతం వేరు కదా. కేంద్రంలో కూర్చుని ఎవరు అన్యమో, ఎంత ప్రేమించదగ్గ అన్యమో తేల్చే పని కూడా అధికారమే. అయితే ఆవిడతో నాకు పూర్తిగా ఏకీభావమూ లేదు. ఎవరి మేళం వాళ్ళకి ఉంటే సరిపోతుందా? 72 కాస్తా 73 అయితే పద్దు పెరుగుతుంది గానీ పద్దు రాసే పద్ధతి మారదు. కొత్త మేళంలోనూ ఎవరో ఒకరు అన్యమవుతారు. ఆ రోజు ఇదే అన్నాను. "అవ్వనివ్వండి, ముందు మా మేళం రానివ్వండి" అన్నారావిడ. సమాధానంగా అది సబబే.

సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగులోనే ఉంది. ఆయన కూడా మేళాల వరసలోనే రాగాల్ని పేర్చాడు, రాగాంగ, ఉపాంగ, భాషాంగ విభజన చేశాడు. కానీ ఒక్కో రాగం కింద లక్షణం చెప్పి ఊరుకోలేదు. గీతం ఇచ్చాడు, కీర్తనలు ఇచ్చాడు, చివర సంచారి రాశాడు. ఆ రాగం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వంగుతుందో పేజీలకి పేజీలు స్వరపరిచాడు. ఆ పేజీలు మెల్లిగా పాడుకుంటూ పోతే ఫలానా స్వరం అన్యం అన్న సంగతి గుర్తుకే రాదు. ఆ వాక్యం దగ్గరికి మళ్ళీ వెనక్కి వెళితే తప్ప.

ఈ మధ్య మా విభాగంలో ఎం.ఎ. తెలుగు స్త్రీల సాహిత్యం పేపరు తిరగరాస్తున్నారు. పాత సిలబస్‌లో అయిదు యూనిట్లు. 'నల్లపొద్దు' అయిదో యూనిట్‌లో, 'ఇతర అస్తిత్వాలు' అనే శీర్షిక కింద ఉంది. అయిదో యూనిట్ దాకా పాఠాలు ఎప్పుడూ వెళ్ళవని పిల్లలకీ తెలుసు, మాకూ తెలుసు. దాన్ని మొదటి యూనిట్‌కి తేవాలని, కాలక్రమం 1921 నుంచి చూపాలని ఆవిడ ప్రతిపాదించారు, నేను బలపరిచాను. అలా చేస్తే మిగతా యూనిట్ల శీర్షికలన్నీ మార్చాల్సి వస్తుందని ఒకరన్నారు. నిజమే, మార్చాల్సి వస్తుంది. 'ఇతర' అన్న మాట అప్పుడు ఎవరికి తగిలించాలో తెలియదని ఇంకొకరు కాస్త వేళాకోళంగా అన్నారు. మినిట్స్‌లో 'వచ్చే సమావేశంలో చర్చించాలి' అని రాసి ముగించారు.